పెద్ద వీధి వంకర మీద అప్పీలు

మా ఊళ్ళో పెద్ద వీధి రైల్వే స్టేషను దగ్గర బయల్దేరి ఏటి గట్టు దాకా దారం పట్టి గీసినట్టు తిన్నగా పోతుంది, ఒక్కచోట తప్ప. సరిగ్గా నడిమధ్యన, మందుల షాపు ముందు, ఏ కారణమూ లేకుండా ఎడమకు తూలి, కాస్త దూరం పోయాక తప్పు తెలిసొచ్చినట్టు మళ్ళీ తిన్నబడుతుంది. ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి లారీ డ్రైవరూ ఆ షాపు మెట్లను ఒకసారి గుద్దాల్సిందే. అందుకే షాపాయన దూదీ టింక్చరూ బీరువాలో దాచడు, కౌంటరు మీదే ఉంచుతాడు. మా బావ బతుకు కూడా అక్కడే గుద్దుకుంది.

మా బావంటే మా అక్క మొగుడు. సగం జీవితం ప్లీడరు, మిగతా సగం చరిత్రకారుడు, రచయిత. నాకు చిన్న ప్రెస్సు ఉంది. రసీదు పుస్తకాలు, కరపత్రాలు, పరీక్ష పేపర్లు వేసుకుని బతుకుతున్నాను. తన పుస్తకం అచ్చువేసే భాగ్యం నాకే ఇస్తున్నానని, ఒక్క పేజీ రాయకముందే బావ నాకు మాటిచ్చాడు. నేను అడగలేదు. బావమరిదిని ఎవరూ ఏదీ అడిగి ఇవ్వరు, అడిగి తీసుకోరు.

ముందు ఆయన కోర్టు రోజుల సంగతి చెప్పాలి. ఆ వంకరలో, మందుల షాపుకీ పక్కనున్న గడియారాల షాపుకీ నడుమ, ముక్కోణంగా చిన్న జాగా మిగిలిపోయింది. అందులో ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉంటాడు. అది నాదంటే నాదని రెండు షాపులవాళ్ళూ కోర్టుకెక్కారు. గడియారాలాయన తరఫున మా బావ. మందుల షాపాయన తరఫున ఒక పొడుగాటి ప్లీడరు గారు. ఎవరు ఏ మాట మొదలుపెట్టినా మధ్యలో లేచి కాదనడం ఆయన అలవాటు కాబట్టి కోర్టు గుమాస్తాలంతా ఆయనకు అడ్డుపుల్ల అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకూ తెలుసు. దాన్నీ కాదన్నారు, గుమాస్తాలు వినలేదు.

రోడ్డు వేసేనాటికి అక్కడొక మొండి ముసలమ్మ ఉండేదనీ, ప్రాణం పోయినా ఇల్లు అమ్మనందనీ, విధిలేక రోడ్డు పక్కకు తప్పుకుందనీ, కనుక ఆ జాగా ముసలమ్మదనీ, ఆమె నుంచి చేతులు మారి తన క్లయింటుకు వచ్చిందనీ మా బావ వాదన. ముసలమ్మా లేదు, ముల్లూ లేదు, రోడ్డు వేయించిన మేస్త్రి పచ్చి తాగుబోతనీ, మత్తులో తాడు వంకరగా లాగాడనీ, అలా తన క్లయింటు జాగా అన్యాయంగా బయటపడిందనీ అడ్డుపుల్ల గారి వాదన. ఇద్దరి దగ్గరా రుజువు పూజ్యం. ఉన్న సాక్షి ఒకే ఒక్క ముసలాయన. ముసలమ్మ గురించి విన్నావా అని బావ అడిగితే విన్నానన్నాడు. మేస్త్రి గురించి విన్నావా అని అడ్డుపుల్ల గారు అడిగితే వినకేం, ఆ ముసలమ్మ ఇంట్లోనేగా తాగేవాడు అన్నాడు. జడ్జి గారు నవ్వు ఆపుకోలేక వాయిదా వేశారు.

ఆ వాయిదా మీద వాయిదాలు పడి, జడ్జీలు మారి, కక్షిదారులిద్దరూ కాలం చేసి, వాళ్ళ పిల్లలు ఆ ముక్కోణంలోనే నిలబడి టీ తాగుతూ రాజీ పడిపోయారు. ప్లీడర్లకు మాటమాత్రం చెప్పలేదు. తుది వాదన మొత్తం కంఠతా పట్టుకుని, నల్లకోటు ఇస్త్రీ చేయించుకుని కోర్టుకు వెళ్ళిన మా బావకు రాజీ కాగితం చేతిలో పెట్టారు. అటు చూస్తే అడ్డుపుల్ల గారి చేతిలోనూ అదే కాగితం. ఓడిపోతానని తెలిసి అవతలివాడే ఈ రాజీ పుట్టించాడని ఇద్దరికిద్దరూ అనుకున్నారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడంటారు. ఎవరూ గెలవకుండా, ఎవరూ ఓడకుండా పోతే ప్లీడరు ఎక్కడ ఏడవాలో ఎవరూ చెప్పలేదు.

బావ ఇంటికొచ్చి కోటు విప్పి మేకుకు తగిలించి, ఇక దాన్ని తీయనన్నాడు.

"రేపట్నుంచి నేను చరిత్రకారుణ్ణి" అన్నాడు.

మా అక్క అప్పుడు బట్టలు మడతపెడుతోంది. "అంటే ఏం చేస్తారండీ?"

"నిజం కనుక్కుంటాను."

"మరి ఇంతకాలం ఏం చేశారు?"

బావ కొత్త కలం వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. ఊరి చరిత్ర మొత్తం రాస్తున్నానని పైకి అందరికీ చెప్పుకున్నాడు గానీ నాకు తెలుసు, ఆయనకు కావలసింది ఊరూ కాదు, చరిత్రా కాదు. జడ్జి గారు వినకుండా వదిలేసిన తుది వాదన వినిపించడానికి ఇంకో పెద్ద కోర్టు కావాలి. అప్పీలు వేయడానికి చరిత్ర దొరికింది.

వీధివైపు గది ఖాళీ చేయించి, అందులో తనకొక బల్ల, ఎదురుగా చేతుల కుర్చీ ఒకటి వేయించాడు. ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళనందరినీ వంతులవారీగా పిలిచి అందులో కూర్చోబెట్టేవాడు. అక్క ఆ కుర్చీని బోను అనేది. "బోను మీద దుమ్ము పేరుకుంది, సాక్షులు వచ్చేలోపు తుడవండి" అని ఆయనకే గుడ్డ అందించేది.

చిక్కేమిటంటే, జవాబు ముందే తెలియని ప్రశ్న అడగడం మా బావకు వృత్తిలో అలవాటు లేదు. అడగకూడదని వాళ్ళ గురువు నేర్పాడట. రిటైరైన ఒక కుట్టుపని ఆవిడను పిలిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఆ మొండి ముసలమ్మ సంగతి మీ నాన్నగారు మీతో చెప్పారు. అవునా, కాదా?"

"మా నాన్న నాతో పెద్దగా మాట్లాడేవాడు కాదు బాబూ."

"నేనడిగింది అది కాదు. అవునా, కాదా?"

ఆవిడ నావంక చూసింది. తలుపు వంక చూసింది. "అవును" అంది. బావ రాసుకున్నాడు.

ఇలా ఏడాది తిరిగేసరికి ఊళ్ళో ముసలివాళ్ళంతా ఆ ముసలమ్మను కళ్ళారా చూసినవాళ్ళ పిల్లలైపోయారు. ఆమెకు ముందు ఒక చేతికర్ర వచ్చింది, తర్వాత పిల్లి, ఆ తర్వాత ఎడమ కంట్లో పువ్వు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఎవరు ఏది ఒప్పుకుంటే అది పుస్తకంలోకి ఎక్కేది. ఊరి చరిత్రలో ఏరు, రైలు, రెండు వరదలు, అన్నీ కలిపి కాస్తంత చోటులో సర్దుకుంటే, ముసలమ్మ ఒక్కతే సగం పుస్తకం మేసేసింది.

"మొన్నటిదాకా ఆవిడ ఇల్లు అమ్మలేదు అన్నారు సరే" అంది అక్క ఒకరోజు. "ఇప్పుడు ఆవిడకు ఉల్లిపాయలు పడవని కూడా మీకు తెలుసా? నాకేం పడదో చెప్పండి చూద్దాం."

బావ కళ్ళజోడు తుడుచుకున్నాడు. అక్కకు వంకాయ పడదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆ సంగతి తెలియంది ఒక్క ఆయనకే.

సాయంత్రాలు ప్రెస్సుకొచ్చి రాసిన అధ్యాయం నాకు చదివి వినిపించేవాడు. నేను అక్షరాలు పేర్చుకుంటూ బాగుంది బావా అనేవాణ్ణి. అన్నప్పుడల్లా ఆయన మొహం మాడిపోయేది. చివరికి ఒకరోజు కాగితాలు బల్ల మీద విసిరికొట్టాడు.

"నువ్వు బాగుందంటే దాని విలువెంతరా? నిన్నటిదీ బాగుందన్నావు. సబ్బుల కంపెనీ కరపత్రం కూడా బాగుందన్నావు."

"అది నిజంగానే బాగుంది బావా."

ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది. నాకప్పుడు అర్థమైంది. ఎదురు లేకుండా రాయడం మా బావకు చేతకాదు. కోర్టులో ఆయన వాదన బాగుండేదంటే, ప్రతి వాక్యానికీ అవతల ఒక పొడుగు మనిషి లేస్తాడన్న భయం వల్ల బాగుండేది. ఇప్పుడు ఎవరూ లేవడం లేదు. అందుకే ముసలమ్మకు పిల్లులు పుడుతున్నాయి.

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అప్పటిదాకా పేర్చిన అధ్యాయాల ప్రూఫులన్నీ సంచీలో వేసుకుని, బావకు చెప్పకుండా తిన్నగా అడ్డుపుల్ల గారింటికి వెళ్ళాను. ఆయన అప్పటికి ప్రాక్టీసు మానేసి, టీచరుగా పనిచేసే కూతురితో ఉంటున్నారు. తలుపు ఆయనే తీశారు. సంచీ చేతికిచ్చి, "మీకు మా బావ మీద కోపముంటే తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదండీ" అన్నాను.

రెండోనాడు ప్రూఫులు తిరిగొచ్చాయి. నల్ల అక్షరాలకన్నా ఎర్ర సిరా ఎక్కువ. 'ఆధారం?' 'ఎవరు చూశారు?' 'పువ్వు పిల్లి కంట్లోనా, ముసలమ్మ కంట్లోనా?' తిట్లు పడతాయని బెదురుతూనే బావకిచ్చాను. ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టాడు. చదువుతున్నకొద్దీ మొహంలోకి రక్తం వచ్చింది. కోపం అనుకున్నాను. చదవడం అయ్యాక మా అక్కను పిలిచి ఆకలేస్తోంది వడ్డించమన్నాడు.

మర్నాడు పొద్దున్నే అడ్డుపుల్ల గారు గేటు దగ్గర గొడుగుతో ప్రత్యక్షం. "మీ మూడో అధ్యాయం మొదటి వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు" అన్నారు. పలకరింపు లేదు, బాగున్నారా లేదు.

"లోపలికి వచ్చి కాదనండి" అన్నాడు బావ. "గేటు దగ్గర చెప్పిన అభ్యంతరాలు చెల్లవు."

ఇక రోజూ అదే వరస. ఆయన బోనులో కూర్చోవడం, ఈయన ఒక్కో వాక్యం చదవడం, ఆయన కాదనడం. అక్క టీ పెట్టి ఇద్దరి మధ్య ఉంచి, ఏ గ్లాసు ఎవరిదో వాళ్ళనే తేల్చుకోమని వెళ్ళిపోయేది. వారం తిరక్కుండానే ముసలమ్మ పోయింది. ఆమె ఉన్నట్టు ఒక్క ముక్క రుజువు చూపించమంటే బావ దగ్గర లేదు. పోతూపోతూ ఊరుకోలేదు, తాగుబోతు మేస్త్రిని కూడా వెంట తీసుకుపోయింది, ఎందుకంటే బావ వెంటనే అదే ప్రశ్న తిప్పి అడిగాడు. "పోనీలెండి, పీడా పోయింది" అంది అక్క. కానీ వంకర మిగిలింది. ముసలమ్మా లేక, మేస్త్రీ లేక, రోడ్డు ఎందుకు తూలినట్టు? ఇద్దరూ మింగలేక కక్కలేక అయిపోయారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం ఇద్దరికీ వచ్చు. కుందేలే లేకపోతే ఏమనాలో తెలియలేదు.

నీళ్ళ పైపుల పుణ్యమా అని తెలిసింది. మున్సిపాలిటీవాళ్ళు పెద్ద వీధిని మధ్యకు చీలుస్తూ వచ్చి వంకర దగ్గరకు చేరేసరికి, ఇద్దరు పెద్దమనుషులూ గోతిలోకి దిగిపోయారు. నేను పైన గొడుగులు పట్టుకుని నిలబడ్డాను. తారు కింద పాత రోడ్డు తాలూకు రాతి పరుపు బయటపడింది. స్టేషను వైపు నుంచి వచ్చిన రాయి నల్లది. ఏటి వైపు నుంచి వచ్చింది ఎర్రది. రెండూ వంకర దగ్గరే కలిశాయి. కలిశాయని కూడా అనలేం, చేతకాని దర్జీ రెండు ముక్కలు అతికినట్టు ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోయాయి.

అంటే రోడ్డును రెండు చివర్ల నుంచీ ఒకేసారి వేసుకొచ్చారు. నడిమధ్యన కలుద్దామనుకున్న రెండు ముఠాలూ కాస్తలో తప్పిపోయి, ఆ తప్పును వంకరతో సర్దుకున్నాయి. అంతే. ముసలమ్మల్లేరు, మత్తు లేదు.

ఇద్దరూ వంగి రెండు రాళ్ళనూ తడిమి చూశారు. తర్వాత ఒకేసారి మొదలుపెట్టారు.

"ఎర్ర రాయి ముందు నేను చూశాను."

"నల్ల రాయి అయిపోయిందని చెప్పింది నేను."

"పెద్దయ్యా" అన్నాడు పైపుల మేస్త్రి, "ఎవరో ఒకరు ముందు పైకి రండి. పైపు దించాలి."

"ఆయన్ని ముందు రమ్మనండి" అన్నారు ఇద్దరూ.

ఊరవతల రెండు రాతి క్వారీలకూ వెళ్ళి చూసొచ్చారు. నల్ల రాయిది స్టేషను వైపు, ఎర్ర రాయిది ఏటి వైపు. సందేహం లేదు. చివరి అధ్యాయం రాసేశారు, ఇక అచ్చుకు పంపడమే అని నేను కాగితం తెప్పించుకున్నాను. అప్పుడు పట్టుకుంది కొత్త పేచీ. తప్పు ఏ ముఠాది? స్టేషను ముఠా తిన్నగానే వచ్చింది, ఏటివాళ్ళే తప్పారంటాడు బావ. ఎందుకంటే అడ్డుపుల్ల గారు అప్పటికే ఏటివాళ్ళ పక్షాన నిలబడ్డారు. మళ్ళీ వాయిదాలు. నా కాగితం బీరువాలో పసుపెక్కుతోంది.

ఆ పేచీ మధ్యలోనే ఒక పొద్దున అడ్డుపుల్ల గారు రాలేదు. బావ గేటు దాకా వెళ్ళి రెండుసార్లు చూశాడు. మూడోసారి చూసేలోపు ఆయన కూతురు ఫోను చేసింది. పక్షవాతం. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక బావా నేనూ వెళ్ళాం. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆ అమ్మాయి మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది.

"మాట తిరిగొస్తుందనే డాక్టరు అంటున్నారు బాబాయ్ గారూ. కానీ ఆయన ప్రయత్నించాలంట. ఇప్పుడు నోరు కదపకపోతే ఇక ఎప్పటికీ రాదంట. నాన్న అసలు ప్రయత్నించడం లేదు. నేనేం అడిగినా గోడకే తిరుగుతున్నారు."

బావ తలూపి లోపలికి వెళ్ళాడు. మర్నాటి నుంచి కాగితాలు పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. మంచం పక్కన కూర్చుని చివరి అధ్యాయం చదివాడు. గోడవైపు నుంచి చప్పుడు లేదు. రెండోనాడు తిరగరాసుకొచ్చాడు. తప్పంతా ఏటి ముఠాదే, వాళ్ళు వట్టి సన్నాసులు, కొలత తాడు కూడా లేనివాళ్ళు అని గట్టిగా చదివాడు. లేదు. ఆ తర్వాత ముసలమ్మను బతికించాడు. చేతికర్రతో, పిల్లితో, ఉల్లిపాయలతో సహా. సిగ్గు లేకుండా అబద్ధం మీద అబద్ధం చదువుతుంటే, మందు ఇవ్వడానికొచ్చిన ఆ అమ్మాయి ఈయనకేమైందన్నట్టు నావంక చూసింది. మంచం మీద మనిషి కదల్లేదు. చివరికి ఓటమి కూడా ఒప్పుకున్నాడు. స్టేషను ముఠాదే తప్పని రాసుకొచ్చి, గొంతు తగ్గించి చదివాడు. దానికీ ఏమీ లేదు.

తిరిగొస్తూ వంకర దగ్గర ఆగిపోయాడు. మందుల షాపు మెట్ల మీద కూర్చున్నాడు, నేనూ కూర్చున్నాను.

"పుస్తకం పోతే పోయిందిరా" అన్నాడు. "ఆ మనిషి మాట్లాడకపోతే నేనేం చెయ్యను? నాకు భయమేస్తోంది."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. 

మర్నాడు వెళ్ళేసరికి చదవడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. తొలిపలుకు ఒక్కటి ఉంది. అది ఆయన్ని మాట్లాడించే ఎత్తు కాదు, ఎర కాదు. వేరే కాగితం లేక అది తీశాడు.

"ఈ పుస్తకంలో ఒక్క వాక్యం కూడా సులభంగా అచ్చుకు పోలేదు. అందుకు కారణం నా స్నేహితుడు..."

మంచం కిర్రుమంది. అడ్డుపుల్ల గారు ఇటు తిరుగుతున్నారు. తిరగడానికి చాలా కష్టపడ్డారు. ఆ అమ్మాయి గుమ్మంలో ఆగిపోయింది. ఆయన పెదవి ఒకపక్కకు లాగుతోంది, గొంతులో ఏదో నలుగుతోంది. కళ్ళు మాత్రం బావ మీదే ఉన్నాయి, కోర్టులో ఎదుటి సాక్షి తడబడినప్పుడు ఉండే కళ్ళు.

"ఎ... ఎప్ప... ట్నుంచి?"

బావ కాగితం దించాడు. ఊళ్ళో ప్రతి ముసలివాడి చేతా అవుననిపించిన మనిషి నీళ్ళు నమిలాడు. "అదీ... చాలాకాలం నుంచి."

"తే... దీ."

"మొదటి వాయిదా నుంచి అని నా వాదన" అన్నాడు బావ. 

"అ... బద్దం."

ఆ అమ్మాయి గుమ్మానికి మొహం ఆనించుకుని ఏడ్చింది. వాళ్ళిద్దరూ ఆమెను గమనించలేదు, వాదనలో ఉన్నారు.

పుస్తకం అచ్చయింది. ఏ ముఠాది తప్పో తెలియదని అందులో ఉంది. అంతవరకు ఇద్దరూ దిగొచ్చారు. తొలిపలుకులో స్నేహితుడు అన్న మాట దగ్గర చుక్క పెట్టి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక వేశాను: 'ఇది ఎప్పుడు మొదలైందన్న విషయంలో ఎదుటి పక్షానికి అభ్యంతరం ఉంది. ఉన్నదన్న విషయంలో లేదు.'

ఆ గమనిక అడ్డుపుల్ల గారే చెప్పి నాచేత రాయించారు. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పడానికి ఆయనకు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. పక్కనే కూర్చున్న మా బావ ఒక్క మాట కూడా అందివ్వలేదు.